డిపో వెనక దొరికిన ఇద్దరు

మ్యూజియంలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పైజేబులో ఎప్పుడూ రెండు మూడు మెత్తటి పళ్ళ బ్రష్షులు పెట్టుకుని తిరుగుతుంది కాబట్టి, గేటు కాపలాదారు దగ్గర్నుంచి డైరెక్టరుగారి దాకా అందరికీ ఆమె బ్రష్షక్క. వయసులో తనకన్నా పెద్దవాళ్ళు కూడా అక్క అంటుంటే మొదట్లో చిన్నబుచ్చుకునేది. పోను పోను ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరగడమే మరిచిపోయింది.

మట్టిలో దొరికిన ఎముకల్ని శుభ్రం చెయ్యడం ఆమె పని. భవనం వెనకవైపు, ఎండ నేరుగా పడని పొడుగాటి గది ఆమెది. నడుమ ఒక బల్ల, గోడవారన రెండు సింకులు, కడిగిన మట్టిలో చిన్న పలుకు కూడా జారిపోకుండా సన్న జల్లెడ, ఆరబెట్టడానికి ట్రేలు. ఎముకను నీళ్ళలో ముంచకూడదు. తడి బ్రష్షుతో అద్దినట్టు తుడవాలి, సందుల్లో మట్టిని పుల్లతో గీరీ గీరనట్టు తియ్యాలి, నీడపట్టున ఆరనివ్వాలి. తొందరపడే మనిషి ఈ పనికి పనికిరాడు. బ్రష్షక్కకు తొందరపడి ఇంటికి వెళ్ళవలసిన అవసరం ఏ రోజూ లేదు. దర్జీ కొట్టు మీద రెండు గదుల్లో ఒక్కతే ఉంటుంది.

ఇక్కడికి రాకముందు ఆమె కట్టుడు పళ్ళు చేసే చోట పనిచేసేది. మైనంతో చిగుళ్ళు దిద్దడం, పాలరాయి పొడిలాంటి ప్లాస్టరుతో అచ్చులు పొయ్యడం, ఒక్కొక్క పన్నూ రంగు సరిచూసి కూర్చడం. ఆ చెయ్యి నెమ్మదితనం చూసే మ్యూజియంవాళ్ళు తీసుకున్నారు. "బతికినవాళ్ళకి పళ్ళు పెట్టి పెట్టి విసుగొచ్చి, పోయినవాళ్ళ పళ్ళు తోమడానికి వచ్చాను" అని తనమీద తనే జోకు వేసుకునేది.

ఆ ఏడాది బస్సుల డిపో వెనక కొత్త షెడ్డుకు పునాది తవ్వుతున్నారు. తవ్వే యంత్రం నడిపే మనిషికి తొట్టి అంచున తెల్లగా ఏదో కనిపించింది. పనికిమాలిన గొట్టం అనుకుని లాగేసి ఉంటే కథ అక్కడితో సరి. అతను ఇంజన్ ఆపి, దిగి, వంగి చూశాడు. మనిషి కాలు. ముందు పోలీసులొచ్చారు. పాతది, చాలా పాతది అని తేలాక మ్యూజియానికి కబురొచ్చింది.

మ్యూజియంలో ఎముకలు చదివే డాక్టరమ్మ ఉంది. రోగుల డాక్టరు కాదు, ఎముక చూసి ఆడో మగో, ఎన్నేళ్ళు బతికారో, ఏం జబ్బు చేసిందో చెప్పగల చదువు ఆమెది. బ్రష్షక్కకన్నా చాలా చిన్నది, ఎప్పుడూ నవ్వు మొహమే. వెళ్తూ వెళ్తూ బ్రష్షక్కను కూడా కారెక్కించుకుంది.

డీజిల్ వాసన, హారన్ల మోత మధ్య, టార్పాలిన్ నీడలో కొన్ని రోజులు పని సాగింది. గరిటెలతో, బ్రష్షులతో మట్టి తీసే కొద్దీ ముందు ఒక ఆడమనిషి బయటపడింది. వెల్లకిలా పడుకుని ఉంది. తల పక్కన ఎముకతో చేసిన దువ్వెన, నడుం దగ్గర తుప్పు ముద్దైపోయిన చిన్న కత్తి. డాక్టరమ్మ ఎడమ భుజం వైపు మట్టి తీస్తూ తీస్తూ ఆగిపోయింది.

"అక్కా, ఇలా రా. నువ్వు తియ్యి ఇక్కడ. నా చెయ్యి లావు."

బ్రష్షక్క మోకాళ్ళ మీద వంగింది. పుల్ల చివరతో మట్టి రవ్వ రవ్వగా తీసింది. మొదట నీలం గాజు పూసలు కనిపించాయి. ఆ తర్వాత బుల్లి దవడ, పగిలిన గిన్నెలాంటి చిన్న పుర్రె. పిల్ల. పక్కకు తిరిగి, ఆడమనిషి భుజానికి మొహం ఆనించి, ఆమె చేతి ఎముక మీద తల పెట్టుకుని పడుకుంది. ఆ చెయ్యి మోచేతి దగ్గర వంగి పిల్ల వీపు వెనక్కి వచ్చింది.

గోడ మీంచి చూస్తున్న బస్సు కండక్టర్ల సందడి ఒక్కసారి తగ్గిపోయింది. ఎవరో, "తల్లీబిడ్డలు, పాపం" అన్నారు. అంతే, ఆ మాట స్థిరపడిపోయింది. మర్నాడు పేపర్లో కూడా అదే పడింది.

"ఇంకా ఏమీ తేలకుండానే తల్లీబిడ్డలట" అంది డాక్టరమ్మ.

"తేలడానికేముంది డాక్టరమ్మా? చూస్తే తెలియట్లా? తల్లే" అంది బ్రష్షక్క.

"చూస్తే తెలిసిపోయేదైతే నాకింత చదువెందుకక్కా? మా నాన్న చెప్పినట్టు హాయిగా బ్యాంకులో చేరేదాన్ని."

బ్రష్షక్క నవ్వింది గానీ తన మాట మీదే ఉంది. అలా చెయ్యి వేసి పడుకున్నది తల్లి కాకపోతే మరెవరు?

ఎముకలు ఆమె గదికి వచ్చాయి. ఆడమనిషి ఒక పెట్టెలో, పిల్ల ఒక పెట్టెలో. ఒక్కో మనిషికి ఒక్కో పెట్టె, ఒక్కో నంబరు. అది అక్కడి నియమం. ఆమె ముందు పెద్దవి పూర్తి చేసింది. పిల్ల దవడ జోలికి మాత్రం చాలా రోజులు పోలేదు. ఇక వాయిదా వెయ్యడానికి ఏ సాకూ దొరక్కపోయాక, ఒక మధ్యాహ్నం దాన్ని అరచేతిలోకి తీసుకుంది.

ముందు పాలపళ్ళు రెండు ఊడిపోయి ఉన్నాయి. వాటి కింద కొత్త పళ్ళ అంచులు రంపపు మొనల్లా తొంగిచూస్తున్నాయి. వెనక పెద్ద పన్ను అప్పుడే చిగురు దాటి వచ్చింది. డాక్టరమ్మ వచ్చి వయసు చెప్పేదాకా ఆగనక్కర్లేదు. సరిగ్గా ఇలాంటి నోరే ఆమె ఇంట్లో, బీరువా పై అరలో, దూదిలో చుట్టి ఉంది. ప్లాస్టరు అచ్చు. గువ్వ పళ్ళు.

గువ్వ ఆమె అక్క కూతురు. అక్క జ్వరంతో పోయేనాటికి దానికి ఇంకా కూర్చోవడం రాలేదు. బావ లారీ తోలేవాడు. వారాల తరబడి రోడ్డు మీదే బతుకు. "నాలుగు నెలలు చూసుకో మరదలా, ఈలోపు ఏదో ఒకటి చేస్తాను" అని పిల్లని చేతిలో పెట్టాడు. నాలుగు నెలలు కాస్తా ఏళ్ళయ్యాయి. నిద్రపోయేటప్పుడు ముడుచుకుని రొమ్ములో దూరిపోయేది కాబట్టి గువ్వ అన్న పేరు నిలిచింది. ఇంట్లో ఎవరూ లేరని పనిచేసే చోటికే తీసుకెళ్ళేది. "పళ్ళు లేనివాళ్ళకి పళ్ళు చేసే చోటికి పళ్ళు రాని పిల్లని తెచ్చావా" అని ఓనరు మొదటి రోజు విసుక్కున్నాడు. నెల తిరిగేసరికి ఆయనే బల్ల కింద దుప్పటి పరిచి, మైనపు ముక్కలతో ఏనుగులు చేసి ఇచ్చేవాడు.

మాటలొచ్చిన కొత్తలో గువ్వ ఆమెను అమ్మా అంది. ఎవరూ నేర్పలేదు, దానంతట అదే అంది. ఆమె గోడ మీద ఫోటో చూపించి, "నేను అమ్మని కాదు నాన్నా, పిన్నిని. అమ్మ అదిగో" అంది. పిల్ల మళ్ళీ అమ్మా అనేది, ఆమె మళ్ళీ దిద్దేది. పోయిన అక్క చోటు తను ఆక్రమిస్తే పాపం తగులుతుందని ఆమె భయం. దిద్దగా దిద్దగా పిల్ల నేర్చుకుంది. నేర్చుకున్న రోజు ఆమె సంతోషించలేదు.

బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వచ్చినామె మంచి మనిషి. అదే వచ్చిన చిక్కు, తిట్టుకుందామంటే ఆమెలో ఒక్క వంకా దొరకలేదు. పిల్లని తీసుకెళ్ళడానికి ఇద్దరూ కలిసి వచ్చారు. ఆమె కాదనలేదు. కన్న తండ్రి అడుగుతుంటే కాదనడానికి తనెవరు? అంతకు ముందు వారం మాత్రం పని దగ్గర పిల్లను కూర్చోబెట్టి, నోట్లో అచ్చులు తీసే మెత్తటి ముద్ద పెట్టి పళ్ళ అచ్చు తీసుకుంది. అందరూ ఫోటోలు దాచుకుంటారు. ఆమెకు చేతనైంది అది.

వెళ్ళేటప్పుడు గువ్వ ఏడవలేదు. సాయంత్రం తిరిగి వచ్చేస్తాననుకుంది.

ఆ తర్వాత ఆమె ఒకసారి బావ ఉండే ఊరు వెళ్ళి చూసి వచ్చింది. ఆమె తిరిగి వచ్చాక పిల్ల అన్నం ముట్టకుండా ఏడ్చిందట. "ఏమీ అనుకోకండి, కొన్నాళ్ళు రాకపోతే నయమేమో. పిల్ల కాస్త కుదురుకునేదాకా" అని బావ భార్య ఫోన్లో మొహమాటపడుతూ చెప్పింది. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఆమె అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. రమ్మని పిలుస్తారని ఆమె ఎదురుచూసింది. మొదట్లో ఫోన్ మోగితే పరుగెత్తేది. తర్వాత నడిచి వెళ్ళేది. తర్వాత, మోగినా ఎవరో ఒకరిలే అనుకునేది. పెళ్ళి సంబంధాలు వచ్చాయి, ఏదీ మనసుకెక్కలేదు. ఎవరైనా అడిగితే, "నాకు ఎముకలతోనే సరిపోతోంది" అని నవ్వేసేది. బడి వదిలే వేళకు ఆ వీధిలోకి వెళ్ళకుండా చుట్టూ తిరిగి ఇల్లు చేరడం మాత్రం ఆమెకు అలవాటైపోయింది.

ఆ మధ్యాహ్నం పిల్ల దవడను శుభ్రం చేసి, ట్రేలో టిష్యూ కాగితం మీద పెట్టి, సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు ఊరికే నిలబడింది.

మర్నాడు డాక్టరమ్మ పిల్ల కాలి ఎముక కిటికీ వెలుగులో తిప్పి చూస్తూ, "ఇది చూడక్కా. ఇక్కడ విరిగింది. విరిగి, చక్కగా అతుక్కుంది. పోయేదానికి ఏడాదో రెండేళ్ళో ముందు" అంది. "ఇంత నేరుగా అతుక్కోవాలంటే కాలు కదలనివ్వకుండా పడుకోబెట్టి ఉండాలి. నెలల పాటు ఎవరో ఎత్తుకుని తిప్పి ఉండాలి."

"ఎవరో ఏంటి? తల్లి" అంది బ్రష్షక్క.

డాక్టరమ్మ ఎముకను ట్రేలో పెట్టింది. చెవి వెనక గట్టి ఎముకలోంచి చిటికెడు పొడి, పళ్ళలోంచి కొద్దిగా, ఇద్దరివీ తీసి పరీక్షలకు పంపింది. అవి వెళ్ళింది ఎండల్లో. ఫలితాలు వచ్చేసరికి చలి మొదలైంది.

డాక్టరమ్మ రెండు టీ కప్పులు పట్టుకుని ఆమె గదిలోకి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

"పదమూడు వందల ఏళ్ళ కిందటివాళ్ళు. కాస్త అటూ ఇటూగా" అంది. "ఆడమనిషికి నలభై లోపు. పిల్లకి ఆరేళ్ళు, ఆడపిల్లే. అక్కా, వాళ్ళిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు."

"ఏంటీ?"

"తల్లీబిడ్డలు కారు."

బ్రష్షక్కకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఆ మిషన్లు ఏదో తప్పు చెప్పి ఉంటాయి. మట్టి తగిలిందేమో, నా చెయ్యి తగిలిందేమో."

"రెండుసార్లు చేశారక్కా."

"పోనీ పిన్నో, అత్తో?"

"రక్తం కలిసే పిన్ని అయినా తెలిసిపోయేది. అత్త అయినా, అమ్మమ్మ అయినా తెలిసేది. ఏమీ కారు. ఇంకోటి కూడా ఉంది. పంటి పై పొర చిన్నప్పుడు తాగిన నీళ్ళని బట్టి, తిన్న తిండిని బట్టి ఏర్పడుతుంది. పిల్లది ఈ చుట్టుపక్కల నేలే. ఈమె పెరిగింది మాత్రం ఇక్కడ కాదు. చాలా దూరం నుంచి వచ్చింది."

"మరి ఎవరట ఈమె?"

"తెలీదు. ఇక తెలియదు కూడా. సవతి తల్లి కావచ్చు, ఇంట్లో పనికి వచ్చిన మనిషి కావచ్చు. ఇద్దరూ ఒకే జబ్బుతో ఒకే రోజు పోతే, కలిపి పెట్టేసి ఉండొచ్చు. పెంచిందని నేను రాయలేను. పెంచలేదనీ రాయలేను."

డాక్టరమ్మ వెళ్ళిపోయింది. టీ తాగకుండానే చల్లారింది. బ్రష్షక్క ఆడమనిషి ట్రే ముందు కూర్చుంది. ఇన్ని నెలలుగా తల్లి, తల్లి అని మనసులో మాట్లాడుకుంటూ తుడిచిన ఎముకలు. ఇప్పుడు చూస్తే ఎవరో పరాయి ఊరి మనిషి. 'నాకైతే రక్తమైనా కలిసింది. నీకు అదీ లేదు కదే' అనుకుంది.

కొద్ది రోజులకు డైరెక్టరుగారు మీటింగు పెట్టారు. డిపో సమాధిని అద్దాల పెట్టెలో ప్రదర్శనకు పెట్టాలని ముందే నిర్ణయమైంది. ఫలితాలు విన్నాక ఆయన తల గోక్కున్నారు.

"తల్లీబిడ్డలంటే జనం వస్తారు గానీ, ఏ సంబంధమూ లేని ఇద్దరిని చూడ్డానికి ఎవరొస్తారమ్మా? ఆడమనిషిని, దువ్వెనను పెడదాం. పిల్లని లోపల స్టోరులో ఉంచేద్దాం."

మీటింగుల్లో బ్రష్షక్క పెదవి విప్పిన మనిషి కాదు. ఆ రోజు మాత్రం మాట నోరు జారి వచ్చేసింది.

"అలా విడదియ్యకండి సార్."

అందరూ ఆమె వైపు చూశారు. చెవులు వేడెక్కాయి. అయినా వెనక్కి తగ్గలేదు. "పూడ్చినవాళ్ళు ఎలా పెట్టారో అలాగే ఉంచండి. పెట్టినవాళ్ళకి తెలుసు కదండీ, ఆ పిల్ల ఈమె కన్నది కాదని. తెలిసే కదా చేతి మీద తల పెట్టారు."

డైరెక్టరుగారు డాక్టరమ్మ వైపు తిరిగారు. "మీరేమంటారు?"

"నేనూ అదే చెప్పబోతున్నా సార్. సమాధిని ఉన్నది ఉన్నట్టు చూపించడమే పద్ధతి. తల్లి అని మాత్రం రాయొద్దు."

ఆయన పెన్నుతో బల్ల మీద తట్టారు. "సరే, కానివ్వండి. ఎవరూ రాకపోతే మీ ఇద్దరే రోజూ టిక్కెట్టు కొనుక్కుని చూద్దురు గాని" అన్నారు.

అద్దాల పెట్టెలో ఇసుక పరిచి, తవ్వినప్పుడు తీసిన ఫోటోలు పక్కన పెట్టుకుని, ఇద్దరినీ దొరికినప్పటిలాగే అమర్చారు. చివరికి పిల్ల తల మిగిలింది. డాక్టరమ్మ పక్కకు తప్పుకుంది. బ్రష్షక్క రెండు చేతులా దాన్ని పట్టుకుని, ఆడమనిషి చేతి ఎముక మీద ఆనించి, భుజం వైపు కొద్దిగా తిప్పింది. పదమూడు వందల ఏళ్ళ కిందట ఎవరో ఇదే పని చేశారు. వాళ్ళు వంగి ఈ తలను ఇలాగే తిప్పినప్పుడు, ఈమెకు ఏం హక్కుందని ఒకరినొకరు అడిగి ఉండరు. పిల్ల ఎక్కడ పడుకునేదో వాళ్ళు చూసి ఉంటారు, అంతే. నిజమో కాదో, ఆమెకు అలా అనిపించింది. అనిపించాక ఇక ఆ గదిలో నిలవలేకపోయింది.

ఆ సాయంత్రమే బావకు ఫోన్ చేసింది. లారీ మానేసి చాలా కాలమైందట. గొంతు ముసలివాడిదైపోయింది.

"పిల్ల ఎలా ఉంది బావా?"

"పిల్లేంటి మరదలా! ఈత కొలను దగ్గర ఉద్యోగం, చిన్నపిల్లలకి ఈత నేర్పుతుంది. వేరే గది తీసుకుని ఉంటోంది." అంతలోనే అన్నాడు, "నువ్వే రావడం మానేశావు. మేమంటే కోపం కాబోలు అనుకున్నాం."

వాళ్ళు పిలుస్తారని తనూ, తను వస్తుందని వాళ్ళూ. ఇంతేనా?

సెలవు పెట్టి బస్సెక్కింది. చేతిసంచిలో దూదిలో చుట్టిన ప్లాస్టరు అచ్చు ఉంది. ఎందుకు తీసుకెళ్తోందో ఆమెకే తెలియదు. ఉత్త చేతులతో వెళ్ళలేక కావచ్చు.

ఈత కొలను పెద్ద హాల్లో ఉంది. మందు కలిపిన నీళ్ళ ఘాటు, తడి చెప్పుల చప్పుడు, పైకప్పుకు తగిలి తిరిగొచ్చే పిల్లల కేకలు. గ్యాలరీ మెట్ల మీద తువ్వాళ్ళు పట్టుకున్న తల్లులు. బ్రష్షక్క వాళ్ళ మధ్య కూర్చుంది. నీలం రంగు బట్టల్లో, మెడలో ఈలతో ఒక పొడుగాటి అమ్మాయి గట్టు మీద అటూ ఇటూ నడుస్తోంది. అడుగు వేసేటప్పుడు ఎడమ భుజం కొంచెం ముందుకు వస్తుంది. బావ నడక.

బ్యాచ్ అయ్యాక అమ్మాయి మెట్ల దగ్గరికి వచ్చింది. పిల్లలందరూ వెళ్ళిపోయినా ఇంకా కూర్చునే ఉన్న పెద్దావిడను చూసి, "మీ మనవరాలు ఏ బ్యాచ్ అండీ?" అంది.

"నేను... మనవరాలి కోసం కాదమ్మా." తెచ్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "మీ అమ్మ చెల్లెల్ని నేను."

అమ్మాయి కదల్లేదు. జుట్టులోంచి నీళ్ళు భుజం మీద కారుతున్నాయి.

"పిన్నిగారా?"

ఆ 'గారు' సూదిలా దిగింది. బ్రష్షక్క తలూపి, ఏం చెయ్యాలో తోచక, సంచిలోంచి అచ్చు తీసి దూది విప్పింది. అమ్మాయి దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, ఒక్కసారిగా నవ్వేసింది. "ఇవి నా పళ్ళా? అయ్యో, ఎంత బుల్లి పళ్ళో!" నాలుకతో ఇప్పటి పళ్ళు తడుముకుంది. నవ్వు మెల్లగా ఆగిపోయింది. "ఇది నాకు గుర్తుంది. గులాబీ రంగు ముద్ద, నోటినిండా. వాంతొస్తుందని నేను గింజుకుంటుంటే, 'కదలకు, కదలకు, అయిపోయింది, అయిపోయింది' అన్నావు నువ్వు."

ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

"మరి ఎందుకు రాలేదు?" అంది గువ్వ.

"కొన్నాళ్ళు రావద్దన్నారమ్మా..."

"తెలుసు. అమ్మే చెప్పింది, నేను పెద్దయ్యాక. అలా అన్నందుకు ఏడ్చింది కూడా. కొన్నాళ్ళు అయ్యాక ఎందుకు రాలేదు?"

"నాకేం హక్కుందనుకున్నాను."

"నీ హక్కు సంగతి ఎవరడిగారు?" గువ్వ గొంతు పెరిగింది. కొలను అవతల తుడుస్తున్న మనిషి తలెత్తి చూశాడు. ఆమె తగ్గించుకుంది. "ఆరేళ్ళ దానికి హక్కులేం తెలుస్తాయి? నువ్వు వస్తావని తెలుసు, అంతే. అందరికీ చెప్పుకున్నాను కూడా. బళ్ళో, పక్కింట్లో, అందరికీ. తర్వాత చెప్పడం సిగ్గేసి మానేశాను."

బ్రష్షక్క తడి మెట్టు మీద రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వింది.

"ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకు వచ్చావు?"

డిపో వెనక దొరికిన ఇద్దరి సంగతి చెప్పింది. ఎలా పడుకుని ఉన్నారో, అందరూ ఏమనుకున్నారో, చివరికి ఏం తేలిందో. చెప్తుంటే తనకే అదంతా పిచ్చి మాటల్లా వినిపించింది. గువ్వ మధ్యలో అడ్డుపడకుండా వింది.

"అంటే, వాళ్ళని చూసి వచ్చావన్నమాట."

"ఊఁ."

తర్వాతి బ్యాచ్ పిల్లలు అప్పటికే గట్టు మీద వరసకట్టి అల్లరి చేస్తున్నారు. గువ్వ ఈల నోట్లో పెట్టుకుని, మళ్ళీ తీసి, "ఆదివారాలు నాకు సెలవు. నీ నంబరివ్వు" అంది. అచ్చు మాత్రం తిరిగి ఇవ్వలేదు. జేబులో వేసుకుని వెళ్ళిపోయింది.

మొదటి ఆదివారం ఫోన్ రాలేదు. బ్రష్షక్క ఆశ వదులుకోబోతుండగా ఆ తర్వాతి ఆదివారం వచ్చింది. ఇద్దరికీ మాటలు సాగలేదు. వాన పడుతోందా అంటే పడుతోందనడం, పని ఎలా ఉందంటే బాగుందనడం. అలవాటుకొద్దీ ఆమె, "చెవుల్లో నీళ్ళు పోకుండా దూది పెట్టుకుంటున్నావా?" అని అడిగింది. "నేనేం చిన్నపిల్లనా పిన్నీ?" అని గువ్వ విసుక్కుంది. ఫోన్ పెట్టేశాక ఆమె ఆ మాటే తలుచుకుంటూ కూర్చుంది. నిజమే, చిన్నపిల్ల కాదు. ఇన్నేళ్ళుగా తను బెంగపెట్టుకున్నది ఆరేళ్ళ పిల్ల మీద. ఆ పిల్ల ఇక ఎక్కడా లేదు. ఆ పిల్లను గువ్వ కూడా తిరిగి తెచ్చి ఇవ్వలేదు. ఈ పొడుగాటి అమ్మాయి మంచిదే, కానీ కొత్త మనిషి. ఈమెకు టీలో చక్కెర ఎంత వెయ్యాలో కూడా తనకు తెలియదు.

అయినా ఆదివారాలు ఫోన్ మోగుతూనే ఉంది. మధ్యలో ఒక నెల మానేసి, మళ్ళీ మొదలైంది. గువ్వకు కోపం పూర్తిగా పోలేదు, ఒక్కోసారి మాట మధ్యలోనే ముళ్ళు తేలేవి. బ్రష్షక్క గుచ్చుకోనిచ్చేది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం గువ్వ ఏ కబురూ లేకుండా బస్సు దిగి వచ్చేసింది. రెండు గదులూ తిరిగి చూసింది. వంటింటి కిటికీ చూసి, "ఇది ఇంత చిన్నదా? నాకు పెద్ద కిటికీ అని గుర్తు" అంది. గోడ మీద తన కన్నతల్లి ఫోటో ముందు కాసేపు నిలబడింది. భోజనం చేసి, ఉన్నట్టుండి, "ఒక్క ఐదు నిమిషాలు నడుం వాలుస్తాను పిన్నీ. ఈ వారమంతా పొద్దున్నే బ్యాచ్‌లు, ఒళ్ళు హూనమైపోయింది" అని మంచం మీద వాలింది. వాలిన మరుక్షణం నిద్రపోయింది.

బ్రష్షక్క కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆ మొహంలో ఆరేళ్ళ పిల్ల కోసం వెతికింది. దవడ బావది, నుదురు అక్కది, కంటి కింద అలసట ఎవరిదో. ఎంత వెతికినా ఆ పిల్ల దొరకలేదు. వెతకడం మానేసి ఊరికే చూసింది. ఊపిరి తీస్తుంటే ముక్కు కొద్దిగా గురకపెడుతోంది. మంచం చాలక పాదాలు బయటికి వచ్చాయి.

కింద దర్జీ మిషన్ గడగడమంటూ మొదలైంది. గువ్వ కనుబొమ్మలు ముడిపడ్డాయి. బ్రష్షక్క చప్పుడు కాకుండా లేచి, మెట్లు దిగి కొట్లోకి వెళ్ళింది.

"అన్నా, కాసేపు మిషన్ ఆపుతావా? పైన పిల్ల పడుకుంది."

దర్జీ కళ్ళద్దాల మీంచి చూశాడు. ఇన్నేళ్ళుగా ఆ మెట్లు ఎక్కి దిగడం ఆమె ఒక్కతే. "పిల్లా? ఎంత పిల్ల?"

"నీకన్నా పొడుగే."

"అంత పిల్ల ఈ చప్పుడికి లేస్తుందా తల్లీ? ఈ చొక్కాలన్నీ సాయంత్రానికి ఇవ్వాలి నేను."

"లేవకపోవచ్చు. అయినా ఆపు."

అతను నిట్టూర్చి పెడల్ మీంచి కాలు తీశాడు. "సరే, బొత్తాలన్నా కుట్టుకుంటాను" అని ఒక చొక్కా ఒళ్ళోకి లాక్కున్నాడు. బ్రష్షక్క అతని ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుని, రెండో చొక్కా తీసుకుని, సూదిని వెలుగుకు ఎత్తి పట్టి దారం ఎక్కించింది.